పువ్వు బొమ్మ ఉన్న బటన్

డిజిటల్ కెమెరా దాదాపు ఏ కంపెనీదైనా సరే, వెనకవైపో పైనో ఒక బుల్లి పువ్వు బొమ్మ ఉంటుంది. చూడ్డానికి ట్యూలిప్ లాగా ఉంటుంది. దాన్ని ఎంచుకుంటే కెమెరా దగ్గరి వస్తువుల మీద ఫోకస్ చేస్తుంది. ఉంగరం తియ్యాలన్నా, చీమని తియ్యాలన్నా, కాలిపోయిన సర్క్యూట్ బోర్డుని తియ్యాలన్నా నొక్కాల్సింది ఆ పువ్వునే. దగ్గరగా చూడటం అంటే పువ్వుని చూడటమే అని కెమెరాలు తయారుచేసేవాళ్ళంతా ఒక మాట మీదకి వచ్చేసారన్నమాట.

మనవాళ్ళు కూడా ఆ మాట బాగానే నిలబెట్టారు. 2000 తర్వాత ఉద్యోగాల్లో చేరి, మొదటి జీతాలతోనో మొదటి ఆన్‌సైట్ ప్రయాణంలోనో కెమెరా కొనుక్కున్నవాళ్ళ పాత హార్డ్ డిస్కులు తెరిచి చూడండి. ఇంటి ముందు మందారం, పక్కింటివాళ్ళ గులాబీ, ఆఫీసు లాన్‌లో పేరు తెలీని పసుప్పచ్చ పువ్వు, ఆ తర్వాత ఏ హాలండులోనో ట్యూలిప్పుల తోట. వందల ఫొటోలు. అన్నీ ఒకేలా ఉంటాయి. మధ్యలో పువ్వు, వెనకాల మసక, కింద పేరు ఉండదు.

ఇలాంటి ఫొటోలు బాగుపడాలంటే ఏం చెయ్యాలి అని అడిగితే వచ్చే సమాధానాలు మీకు తెలిసినవే. మంచి లెన్స్ కొను, ట్రైపాడ్ వాడు, పొద్దున్నే లే. అన్నీ నిజమే. కానీ చరిత్రలోకి కాస్త తొంగి చూస్తే ఇంకో సంగతి కనబడుతుంది. పువ్వుకి దగ్గరగా వెళ్ళి, దాన్ని బాగా చూపించినవాళ్ళలో చాలామందికి ఆ పువ్వుతో ఏదో ఒక పని ఉంది. ఎక్కడ నిలబడాలో, దేన్ని వదిలెయ్యాలో ఆ పనే వాళ్ళకి నేర్పింది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల పెరిగినవాళ్ళకి అలాంటి పని ఒకటి ఇప్పుడు ఊరి పొలిమేరలోనే ఉంది. అదేమిటో చెప్పే ముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి.

సూర్యాపేట జిల్లాలో నాగారం దగ్గర ఫణిగిరి గుట్ట ఉంది కదా, దాని మీద సుమారు రెండు వేల ఏళ్ళ నాటి బౌద్ధారామం అవశేషాలున్నాయి. అక్కడ దొరికిన శిల్పాలు 2023లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో జరిగిన ప్రాచీన బౌద్ధ శిల్పకళా ప్రదర్శన దాకా వెళ్ళాయి. కృష్ణా లోయలో ఆ కాలపు శిల్పులకి తామర పువ్వంటే ఎంత ఇష్టమో తెలియాలంటే అమరావతి స్తూపం చుట్టూ ఉండిన రాతికంచె చూడాలి. గుండ్రటి పతకాల్లో విచ్చుకున్న తామరలు, వరస తర్వాత వరస రేకులు. ఫొటోగ్రఫీ నేర్చుకునేవాళ్ళు వాటిల్లో ఒక విషయం గమనించాలి. శిల్పి తామరని పక్కనుంచి చెక్కలేదు. నేరుగా పైనుంచి చూసి, రేకులన్నీ ఒకే తలం మీదకి తెచ్చి చెక్కాడు. ఎందుకంటే అతనికున్నది రాతి పలక. దాంట్లో లోతు పెద్దగా ఉండదు. లోతు లేనప్పుడు ఏ కోణం నుంచి చూస్తే పువ్వు మొత్తం తెలుస్తుందో అతను ముందే తేల్చుకున్నాడు. క్లోజప్‌లో మన కెమెరాకి ఉండే సమస్య కూడా సరిగ్గా ఇదే. దాని దగ్గరికి మళ్ళీ వద్దాం.

ఇక్కణ్ణుంచి చాలా శతాబ్దాలు దాటి సామర్లకోట వెళ్దాం. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండ్ డాక్టరు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా 1776లో మద్రాసు వచ్చాడు. 1781 నుంచి సామర్లకోటలో ఉన్నాడు. మిరియాలు, నీలిమందు, చెరుకు, రంగులిచ్చే చెట్లు, జ్వరానికి పనికొచ్చే బెరళ్ళు, ఏవి పెంచితే కంపెనీకి డబ్బొస్తుందో చూడటం ఆయన పనిలో భాగం. దానికోసం తీరాంధ్రలో మొక్కలన్నీ వెతికించి, మనదేశపు చిత్రకారుల్ని జీతానికి పెట్టుకుని బొమ్మలు వేయించాడు. వందల కొద్దీ బొమ్మలు లండన్ చేరాయి. వాటిలోంచి జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణలో 300 బొమ్మలు ఎంచి, 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా 'ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్' అని అచ్చేసారు. ఆ చిత్రకారులెవరో, వాళ్ళ పేర్లేమిటో పుస్తకంలో లేదు. మొక్కలకి లాటిన్ పేరుంది, చాలావాటికి తెలుగు పేరుంది. వేసినవాడికి మాత్రం ఏ భాషలోనూ పేరు లేదు.

ఆ బొమ్మల్లో ఒకటి మన మోదుగ. ఫాల్గుణంలో ఆకులన్నీ రాల్చేసి చెట్టంతా నిప్పంటుకున్నట్టు పూసే చెట్టు. విస్తరాకులు కుట్టే చెట్టు. పుస్తకం మొదటి సంపుటంలోనే ఉంది. ఇలాంటి బొమ్మల పద్ధతి ఒకసారి చూడండి. వెనకాల తెల్ల కాయితం తప్ప ఏమీ ఉండదు. నీడలు గట్టిగా ఉండవు. కొమ్మ, పూలగుత్తి పెద్దగా ఉంటాయి. కింద విడిగా, పువ్వుని విప్పి దాని రేకులు, కేసరాలు వేరువేరుగా చూపిస్తారు. పువ్వూ కాయా చెట్టు మీద ఒకే రోజు కనబడకపోయినా రెండూ ఒకే పేజీలో ఉంటాయి. అంటే అది ఒక క్షణం బొమ్మ కాదు. చాలా రోజుల చూపుని ఒక కాయితం మీదకి చేర్చిన బొమ్మ. ఇప్పుడు మనం పది ఫొటోలు వేరువేరు ఫోకస్‌లతో తీసి సాఫ్ట్‌వేర్‌తో కలిపి ఫోకస్ స్టాకింగ్ అంటున్నామే, ఆ ఆలోచన వాళ్ళకి కుంచెతోనే ఉంది.

తెలుగు పేర్ల సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. రాక్స్‌బర్గ్ స్థానికుల్ని అడిగి పేర్లు రాసుకున్నాడు. కొన్ని ఏకంగా శాస్త్రీయనామాల్లోకే ఎక్కాయి. సండ్ర చెట్టుకి ఆయన పెట్టిన పేరులో 'సుంద్రా' అన్నది మన సండ్రే. జ్వరానికి సింకోనా బదులు పనికొస్తుందేమోనని ఆయన పరీక్షించిన సోమిద చెట్టు తర్వాత 'సోయ్‌మిడా' అనే ప్రజాతి పేరైంది. ఏ ఊళ్ళో ఎవరు చెప్పారోగానీ, ఆ మాటలు ఈ రోజుకీ ప్రపంచంలో ప్రతి హెర్బేరియంలోనూ అట్ట మీద రాసి ఉన్నాయి.

కంపెనీ ఇదంతా మన మీద ప్రేమతో చేయించలేదు. లాభం కోసం చేయించింది. కానీ ఆ బొమ్మలు మంచివవడానికి కారణం కూడా ఆ అవసరమే. బొమ్మ చూసి ఎక్కడో లండన్‌లో కూర్చున్నవాడు ఇది ఫలానా మొక్క అని గుర్తుపట్టాలి. గుర్తుపట్టడానికి అడ్డమొచ్చేవన్నీ తీసెయ్యాలి. పనికొచ్చేవన్నీ ఉంచాలి. ఇంతకంటే మంచి కంపోజిషన్ పాఠం నాకైతే ఏ పుస్తకంలోనూ కనబడలేదు.

ఇక ఫొటోల కాలానికొద్దాం. ఇంగ్లండ్‌లో జాన్ హెర్షెల్ 1842లో సయనోటైప్ అనే పద్ధతి కనిపెట్టాడు. ఇనుము లవణాలు పూసిన కాయితం మీద వస్తువుని పెట్టి ఎండలో ఉంచితే, ఎండ తగిలిన చోటల్లా నీలమవుతుంది, వస్తువు ఉన్న చోటు తెల్లగా మిగులుతుంది. తర్వాత నీళ్ళతో కడిగితే చాలు. ఇంజనీరింగ్ డ్రాయింగులకి 'బ్లూప్రింట్' అన్న మాట దీన్నుంచే వచ్చింది. అదే ఏడాది ఆయన ఇంకో పద్ధతి కూడా రాసాడు. పూలరేకుల రసం కాయితానికి పూసి, దాని మీద ఎండతో బొమ్మ తెప్పించడం. పువ్వుతోనే పువ్వు ఫొటో అన్నమాట. కాకపోతే ఆ బొమ్మ మళ్ళీ ఎండ తగిలితే వెలిసిపోతుంది.

సయనోటైప్‌ని పట్టుకుని ఆనా అట్కిన్స్ అనే ఆవిడ 1843లో సముద్రపు నాచు మొక్కల మీద పుస్తకం మొదలుపెట్టి, 1853 దాకా భాగాలు భాగాలుగా తెచ్చింది. ఫొటోలతో వచ్చిన మొదటి పుస్తకంగా దాన్నే చెబుతారు. ఆవిడకి కెమెరా లేదు, లెన్స్ లేదు. మొక్కని కాయితం మీద పెట్టేసేది. అంతకంటే దగ్గర ఇంకేముంటుంది! ఇక్కడ నాకు ముఖ్యమనిపించేది ఒకటుంది. ప్రతి పేజీలో మొక్క పక్కనే దాని శాస్త్రీయనామం ఆవిడ చేతిరాతలో ఉంటుంది. అది తర్వాత అచ్చువేసింది కాదు. మొక్కతో పాటు అదే ఎండలో, అదే నీలంలో అచ్చయిన పేరు. ఆవిడ దృష్టిలో బొమ్మా పేరూ రెండు వేరువేరు పనులు కావు.

ఈ పద్ధతి ఇప్పుడూ చెయ్యొచ్చు. రెండు రసాయనాలు, మంచి కాయితం, ఎండ కావాలి. రోహిణి కార్తెలో మిర్యాలగూడలో డాబా మీద మూడోదానికి కొదవే లేదు :)

మరి మన వైపు ఫొటోగ్రఫీ ఎలా వచ్చింది? నిజాం రాజ్యంలో ఫొటో అనగానే గుర్తొచ్చే పేరు లాలా దీన్‌దయాళ్. 1880ల్లో సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరై, రాజా బిరుదు పొందాడు. ఆయన ఆల్బంలలో పేరుపడ్డవి మహళ్ళు, దర్బార్లు, వేటలు, సైన్యం, నవాబుల కుటుంబాలు. ఆ కెమెరాకి ఆ పని ఉంది. ఆ తర్వాత ఫొటో స్టూడియో మెల్లిగా చిన్న ఊళ్ళకి దిగింది. అక్కడ పువ్వు అంటే వెనక తెర మీద రంగులతో వేసిన తోట, పక్కన స్టాండు మీద ప్లాస్టిక్ గులాబీల కుండీ. ఇంకాస్త ముందుకొస్తే పెళ్ళి క్యాసెట్లలో మిక్సింగు వచ్చింది. విచ్చుకుంటున్న గులాబీ మధ్యలోంచి పెళ్ళికూతురు మొహం రావడం మీరు చూసే ఉంటారు. నవ్వుకోవడానికి చెప్పట్లేదు. మన ఊళ్ళలో ఫొటోకీ పువ్వుకీ ఉన్న సంబంధం చాలాకాలం ఇదే. పువ్వు అలంకారం. ఏ పువ్వన్నది ఎవరికీ పట్టదు.

దీనికి పూర్తిగా ఎదురు దిక్కులో నిలబడ్డవాడు జర్మనీలో కార్ల్ బ్లాస్‌ఫెల్ట్. 1865లో పుట్టాడు, 1932లో పోయాడు. ఫొటోగ్రాఫరుగా శిక్షణ పొందినవాడు కాదు. బెర్లిన్‌లో కళల బడిలో డిజైన్ నేర్పే మాష్టారు. ఇనుప గేట్లు, స్తంభాల నగిషీలు గీసే విద్యార్థులకి మొక్కల్లో ఆకారాలు చూపించాలి, చిన్నచిన్నవి గదిలో అందరికీ కనబడవు. కాబట్టి సొంతంగా తయారుచేసుకున్న కెమెరాతో వాటిని పెద్దవి చేసి, కొన్నిటిని 30 రెట్ల దాకా, పాఠానికి వాడుకున్నాడు. ఇలా ముప్పై ఏళ్ళ పైన చేసాక 1928లో 'ఉర్‌ఫోర్మెన్ డెర్ కున్‌స్ట్' అని పుస్తకం వస్తే అరవై దాటిన ఆ మాష్టారు ఉన్నట్టుండి ప్రపంచానికి తెలిసాడు. ఆయన వాడినవి పూలకొట్లో ఖరీదైన పూలు కావు. రోడ్డు పక్కన, రైలు కట్టల పక్కన మొలిచే కలుపు మొక్కలు. సాదా అట్ట ముందు నిలబెట్టి, మెత్తటి పగటి వెలుతుర్లో, ఆకులు అడ్డమొస్తే కత్తిరించి తీసేవాడు. సామర్లకోట చిత్రకారులకీ ఈయనకీ పరిచయం లేదు. కానీ పద్ధతి చూడండి, అదే తెల్లకాయితం, అదే మెత్తటి వెలుతురు, అడ్డమొచ్చేవి తీసెయ్యడం. పని ఒకటే అయినప్పుడు చూపు కూడా ఒకటే అవుతుంది.

ఇక లెన్స్‌ల కథ. 35 మి.మీ. కెమెరాలకి మాక్రో లెన్స్ అన్నది 1955లో కిల్‌ఫిట్ మాక్రో కిలార్‌తో మొదలైందంటారు. ఆ మరుసటేడు నికాన్ నుంచి మైక్రో నిక్కార్ వచ్చింది. మిగతా కంపెనీలన్నీ మాక్రో అంటుంటే నికాన్ మాత్రం మైక్రో అని ఎందుకంటుందా అని మీకెప్పుడైనా అనిపించిందా? ఎందుకంటే ఆ లెన్స్ పువ్వుల కోసం పుట్టలేదు. జపనీస్ పుస్తకాల్ని, పత్రాల్ని మైక్రోఫిల్మ్ మీదకి ఎక్కించడానికి పుట్టింది. ఇంగ్లీషు అక్షరాలకి సరిపోయే లెన్స్ కంజీ అక్షరాలకి సరిపోలేదు. ఒక్కో అక్షరంలో అన్ని గీతలు, చిన్నగా తీస్తే ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. వాళ్ళ లిపి చదవగలిగేలా ఉండాలన్న పట్టుదలలోంచి పుట్టిన లెన్స్‌తో తర్వాత ప్రపంచమంతా పువ్వులు తీసింది. పాత మానిటర్ల మీద తెలుగు వత్తులు, గుడిదీర్ఘాలు ముద్దయిపోవడం చూసిన మనకి ఈ కథ వేరే వివరించక్కర్లేదు.

ఈ కథలో పాఠం కూడా ఉంది. పుస్తకంలో పేజీ చదునుగా ఉంటుంది. పువ్వు ఉండదు. దగ్గరికి వెళ్ళేకొద్దీ ఫోకస్‌లో ఉండే లోతు తగ్గిపోతుంది, బాగా దగ్గర్లో ఒకట్రెండు మిల్లీమీటర్లకి పడిపోతుంది. ఎపర్చరు నంబరు ఎఫ్ 8, ఎఫ్ 11 అని పెంచుకుంటూ పోతే కొంత పెరుగుతుంది గానీ వెలుతురు తగ్గుతుంది, షట్టర్ నెమ్మదిస్తుంది, గాలికి పువ్వు ఊగి ఫొటో అలుక్కుపోతుంది. మరీ పెంచితే డిఫ్రాక్షన్ వల్ల ఫొటో మొత్తానికి పదును పోతుంది. ఒక చోట గెలిస్తే ఇంకో చోట ఓడే వ్యవహారం, మనకి రోజూ ఉండేదే. అందుకని ఆ ఒకట్రెండు మిల్లీమీటర్లలో ఏది ఉండాలో ముందే తేల్చుకోవాలి. అమరావతి శిల్పి రాతి పలక ముందు నిలబడి తేల్చుకున్నది కూడా అదే.

దగ్గరికి వెళ్ళడం అనే సమస్య మాత్రం ఎప్పుడో తీరిపోయింది. 1999లో వచ్చిన నికాన్ కూల్‌పిక్స్ 950 రెండు సెంటీమీటర్ల నుంచి ఫోకస్ చేసేది. 2005లో కేనన్ పవర్‌షాట్ ఎస్ 2 ఐఎస్‌లో సూపర్ మాక్రో దూరం సున్నా సెంటీమీటర్లు! అంటే లెన్స్‌కి వస్తువు ఆనినా ఫర్లేదు. 2021లో ఐఫోన్ 13 ప్రో జేబులోకి రెండు సెంటీమీటర్లు తెచ్చింది. పాత ఎస్ఎల్ఆర్ ఉన్నవాళ్ళు పదిహేను వందలో రెండు వేలో పెట్టి ఎక్స్‌టెన్షన్ ట్యూబులు తగిలించుకున్నా, 50 మి.మీ. లెన్స్‌ని రింగుతో తిరగేసి పెట్టుకున్నా సరిపోతుంది. దగ్గరితనం చవకైపోయింది. కాబట్టి ఫొటో బాగా రావట్లేదంటే కారణం అక్కడ వెతక్కూడదు. ఆ పువ్వుతో మీకు ఏం పనుందో చూసుకోవాలి.

ఇప్పుడు ఆ పని సంగతి.

1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకి నీళ్ళొదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ మీదుగా ఖమ్మం వైపు వెళ్తుంది. ఆ నీళ్ళతో ఆ నేల తీరే మారిపోయింది. మెట్ట చేలు వరి మడులయ్యాయి, మిర్యాలగూడ రైసు మిల్లులకి పేరుపడింది. కరువు తెలిసినవాళ్ళెవరూ ఆ నీళ్ళని తప్పుపట్టరు, నేనూ పట్టను. కానీ నేల మారితే దాని మీద పూసేది కూడా మారుతుంది. గునుగు మెట్ట చేలల్లో కలుపు, నిలవ నీళ్ళున్న వరిమడిలో అది బతకదు. తంగేడుకి గట్లూ బీళ్ళూ కావాలి. గట్టు సన్నబడ్డా, బీడు ప్లాట్లయినా దానికి చోటుండదు. హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళే 65వ నంబరు హైవే సూర్యాపేట, కోదాడల మీదుగానే పోతుంది. అది వెడల్పయ్యాక మధ్యలో డివైడరు మీద గన్నేరు, కాగితం పూలు వరసగా నాటారు. బాగానే ఉంటాయి. కాకపోతే ఏ రాష్ట్రంలో హైవే చూసినా అవే.

ఈ పూల మీదే మన అతి పెద్ద పండగ నడుస్తుంది. బతుకమ్మని 2014లో తెలంగాణ రాష్ట్ర పండగ చేసారు. అదే ఏడాది తంగేడుని రాష్ట్ర పుష్పం చేసారు. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు తంగేడు, గునుగు, కట్ల, గుమ్మడి, పట్టుకుచ్చులు, బంతి. ఒకప్పుడు చేనుకి వెళ్ళి కోసుకొచ్చేవాళ్ళు, ఇప్పుడు టౌన్లలో ఎక్కువమంది బజార్లో కొంటున్నారు. కొనే పువ్వుకి ధర తెలిస్తే చాలు, అది ఎక్కడ పెరుగుతుందో, దాని పక్కన ఏం పెరుగుతుందో తెలియక్కర్లేదు. పేర్లు జారిపోయేది ఇక్కడే. గట్టు మీద కనబడే పాతిక మొక్కలకి మీ అమ్మమ్మో నాయనమ్మో పేర్లు చెప్పగలదు. అమ్మకి పదిహేను తెలుస్తాయి. మనకి ఐదు. మన పిల్లలకి మొబైల్లో ఏదో యాప్ ఇంగ్లీషు పేరు చెబుతుంది, తెలుగు పేరు చెప్పకపోవచ్చు. రెండొందల ఏళ్ళ కిందట గుర్రాల మీదా పల్లకీల్లోనూ తిరిగిన పరాయి డాక్టరు ఊరూరా అడిగి రాసుకున్న పని, జేబులో కెమెరా, ఆ కెమెరాలో జీపీఎస్, పక్కనే చెప్పడానికి అమ్మమ్మ ఉన్న మనం చెయ్యలేమా?

ఫొటో ఫైలులో ఎక్సిఫ్ డేటా ఉంటుంది కదా. తేదీ, టైము, ఎపర్చరు, షట్టర్, ఐఎస్ఓ, కావాలంటే అక్షాంశ రేఖాంశాలు కూడా కెమెరానే రాసేస్తుంది. అది రాయలేనిది ఒక్కటే, పువ్వు పేరు, ఆ ఊళ్ళో పిలిచే పేరు. ఆ ఒక్క గడీ మనం నింపాలి.

ఈ పని మొదలెడితే ఫొటోలు ఎలా బాగుపడతాయో నాలుగు పూలతో చెబుతాను, అన్నీ ఈ మూడు ఊళ్ళ మధ్య దొరికేవే.

మొదటిది గడ్డిచామంతి. ఏ కాలువ గట్టు మీదైనా ఉంటుంది. చిన్నప్పుడు పలక తుడవడానికి, దెబ్బ తగిలితే పసరు పిండటానికి వాడిన ఆకు దీనిదే. మెక్సికో వైపు నుంచి వచ్చి మనదైపోయిన మొక్క. మనం పువ్వు అనుకునేది నిజానికి ఒక గుత్తి, మధ్యలో పసుప్పచ్చగా ఉన్న ప్రతి చుక్కా ఒక పువ్వు. ఆ సంగతి తెలిసాక ఎక్కడ ఫోకస్ చెయ్యాలన్న ప్రశ్నే ఉండదు. నేరుగా పైనుంచి, కెమెరాని పువ్వుకి సమాంతరంగా పట్టుకుంటే లోతు తక్కువైనా గుత్తంతా పదునుగా వస్తుంది. కొత్తవాళ్ళు ఇక్కడ మొదలెట్టడం మంచిది.

రెండోది తంగేడు. దీని కేసరాలన్నీ ఒక సైజులో ఉండవు, కొన్ని పొట్టి, కొన్ని పొడుగ్గా వంగి ఉంటాయి. పుప్పొడి సంచులు చివర చిన్న రంధ్రంతో తెరుచుకుంటాయి. తేనె కోసం కాదు, ఆ పుప్పొడి కోసమే తుమ్మెద వచ్చి పట్టుకుని గుయ్యిమని వణికిస్తే అది రాలుతుంది. కాబట్టి ఇక్కడ రేకుల కంటే కేసరాలు ముఖ్యం, పక్కనుంచి తియ్యాలి. మిట్టమధ్యాహ్నం ఎండలో పసుపు రంగు అట్టకట్టినట్టు వస్తుంది, రేకుల మీద గీతలు పోతాయి. ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించండి, లేదా పువ్వుకీ ఎండకీ మధ్య తెల్ల పంచె అడ్డం పట్టండి. స్టూడియోలవాళ్ళు డిఫ్యూజర్ అని కొనేది అదే పని చేస్తుంది.

మూడోది గునుగు. బారుగా ఉంటుంది, ఒకే ఫ్రేములో మొత్తం దగ్గరగా రాదు. రాక్స్‌బర్గ్ చిత్రకారుల పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. ఒకటి మొత్తం మొక్క, ఒకటి కంకి, ఒకటి ఆ కంకిలో ఒక్క చిన్న పువ్వు. మూడు ఫొటోలు, ఒక పేరు. వెండి రంగు కంకికి వెనకాల ముదురు రంగు కావాలి. గొడుగు గుడ్డైనా, ల్యాప్‌టాప్ సంచైనా సరే. అదే మీ బ్లాస్‌ఫెల్ట్ అట్ట.

నాలుగోది మోదుగ. దూరంనుంచి నిప్పులా కనబడే ఈ పువ్వు దగ్గరికెళ్తే వేరేలా ఉంటుంది. నల్లటి మఖమల్ లాంటి తొడిమ, చిలక ముక్కులా వంగిన రేకు, దాని మీద సన్నటి వెండి నూగు. ఆ నూగు కనబడాలంటే వెలుతురు పక్కనుంచి రావాలి, పొద్దున ఏడు గంటలప్పుడు వస్తుంది. పొద్దున్నే లే అని అందరూ చెప్పే సలహాకి కారణం ఇప్పుడు దొరికింది కదా. ఇంకో లాభం, ఆ వేళ గాలి తక్కువ. గాలి ఉంటే కొమ్మని ఒకరు పట్టుకోవాలి. ఫోకస్ రింగు తిప్పుతూ కూర్చోకుండా కెమెరానే అంగుళంలో పదో వంతు ముందుకీ వెనక్కీ జరుపుతూ, కావల్సింది పదునయ్యాక నొక్కాలి. ఒకటి కాదు, పది.

ఒక జాగ్రత్త. తెల్ల పూలతో అందంగా కనబడే వయ్యారిభామ దగ్గర మొహం పెట్టి కూర్చోకండి. దాని పుప్పొడి చాలామందికి పడదు. తియ్యాలంటే కాస్త దూరం నుంచి జూమ్ చెయ్యండి.

వారాంతపు సరదాని కూడా ప్రాజెక్టు చేసేసి డాక్యుమెంటేషన్ రాయమంటావా అని ఎవరైనా అడగొచ్చు. సరదాకి తీసుకునేవాళ్ళని ఎవరూ ఆపరు, అందంగా ఉందని తియ్యడం తప్పేమీ కాదు. కానీ నేను గమనించినంతలో, అందం కోసం తీసేవాళ్ళు మూడు నెలల్లో విసుగెత్తి లెన్స్ అమ్మేస్తారు, లేదా ఇంకో లెన్స్ కొంటారు. పేరు కోసం తీసేవాళ్ళకి ప్రతి కొత్త గట్టూ కొత్తగానే ఉంటుంది. పైగా ఇందులో ఒక్కళ్ళమే ఉండం. పేరు అడగాలంటే గట్టు మీద కలుపు తీసేవాళ్ళని అడగాలి, ఇంటికెళ్ళి అమ్మమ్మకి చూపించాలి. స్క్రీన్ మీద పెద్దది చేసి చూపిస్తే, అరవై ఏళ్ళు చేత్తో కోసిన గునుగులో ఇన్ని చిన్న పూలున్నాయా అని ఆవిడ ఆశ్చర్యపోతుంది. ఆవిడ చెప్పే పేరు విని మనం ఆశ్చర్యపోతాం.

ఒకే మొక్కకి సూర్యాపేటలో ఒక పేరు, కోదాడలో ఇంకో పేరు రావచ్చు. రెండూ రాసుకోండి. తేదీ, ఊరు, చెప్పినవాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళ పేరు కూడా రాయండి. సామర్లకోటలో కూర్చుని మోదుగ బొమ్మ వేసినవాళ్ళకి ఆ పాటి మర్యాద దక్కలేదు. వచ్చే పెత్రామాసకి ఊరెళ్తారుగా, కెమెరాతో పాటు ఒక చిన్న నోటుబుక్కు కూడా బ్యాగులో పెట్టుకోండి.